అవ్వ ఊళ్లో పుట్టినోడు ఎవరి జట్టు?

పోయిన నెల ఈ శీర్షికలో స్విట్జర్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎంబోలో గురించి నాలుగు ముక్కలు రాశాను. కామెరూన్ రాజధాని యావుండేలో పుట్టిన ఆ అబ్బాయి 2022 వరల్డ్ కప్‌లో అదే కామెరూన్ మీద గోల్ కొట్టి, సంబరం చేసుకోకుండా రెండు చేతులూ ఎత్తి అట్లాగే నిలబడిపోయిన సంగతి. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అనంతపురం, కడప, కర్నూలు మూడు వైపుల నుంచీ వచ్చాయి. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, 2022లో మొరాకో సెమీఫైనల్ దాకా వచ్చిందని అందరూ పొగిడారు. ఆ జట్టులో సగం మందికి పైగా మొరాకోలో పుట్టనే లేదంట కదా. అట్లాంటప్పుడు అది ఆ దేశం గెలుపు ఎట్లా అవుతుంది? బయటి నుంచి తెచ్చుకున్న కిరాయి జట్టు కాదా?
– ఇంటర్ విద్యార్థి, ఉరవకొండ

నీ లెక్క సరైనదే నాయనా. 26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టినవాళ్లు. కెప్టెన్ సాయిస్ ఫ్రాన్స్‌లో, జియెచ్, అమ్రాబత్ నెదర్లాండ్స్‌లో, గోల్‌కీపర్ బోనో కెనడాలోని మాంట్రియల్‌లో, హకీమి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో పుట్టారు. కోచ్ రెగ్రాగుయ్ పుట్టింది కూడా పారిస్ దగ్గరే. ఇంతవరకు బాగానే ఉంది. 'కిరాయి' అన్న మాట దగ్గరే నాకు నీతో పేచీ.

ముందు నీ ఇంట్లోనే చూడు. మీ అమ్మ నిన్ను ఎక్కడ కన్నది? మన సీమలో తొలి కాన్పు పుట్టింట్లోనే. నెలలు నిండేలోపు కూతుర్ని పిలుచుకుపోతారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక అత్తగారింటికి పంపుతారు. నేను ప్రభుత్వ స్కూళ్లలో డ్రిల్ మాస్టారుగా పనిచేసిన ముప్పై నాలుగేళ్లలో చూసిన ఏ జట్టు తీసుకున్నా, పుట్టిన తేదీల కాగితాలు ముందేసుకుంటే సగం మంది వాళ్ల అవ్వ ఊళ్లో పుట్టినవాళ్లే. మా అవ్వ ఊరు బళ్లారి. నేను 1952లో అక్కడే పుట్టాను. అప్పుడు బళ్లారీ, అనంతపురం రెండూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. నాకు నడక వచ్చే నాటికే నేను పుట్టిన ఊరు వేరే రాష్ట్రమైపోయింది. నన్ను మాత్రం ఈ జిల్లాలో ఎవరూ 'నువ్వు మావాడివి కాదు' అనలేదు.

ఇక ఆ రాత్రి సంగతి చెప్తాను. 2022 డిసెంబర్ 6. మన టైముకు రాత్రి ఎనిమిదిన్నరకు మొరాకో, స్పెయిన్ మ్యాచ్. మా వీధిలో ఒకరి ఇంటి వాకిట్లో టీవీ పెట్టారు. పిల్లలంతా స్పెయిన్ పక్షం. అనంతపురం పిల్లలకు స్పెయిన్ అంటే ఎందుకంత ప్రేమో వేరే చెప్పాలా? బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టారు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఈ జిల్లా పల్లెల్లో ఎంతోమంది పిల్లలకు స్పెయిన్ నుంచి ఉత్తరాలు, ఫోటోలు వస్తాయి. ఆ సంస్థ గ్రౌండ్లలోనే మన పిల్లలు బూట్లు కట్టుకుని ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. అందుకని మా వాకిట్లో ఎర్ర చొక్కాలు వేసుకుని కూర్చున్నారు పిల్లలు.

తొంభై నిమిషాలు, ఆపైన మరో ముప్పై నిమిషాలు, గోల్ లేదు. పెనాల్టీలు వచ్చాయి. స్పెయిన్ వాళ్లు కొట్టిన మూడింటిలో ఒకటి పోస్టుకు తగిలింది, రెండు బోనో ఆపాడు. చివరికి హకీమి వచ్చాడు. ఇది కొడితే మొరాకో గెలిచినట్టే. మాడ్రిడ్‌లో పుట్టి, రియల్ మాడ్రిడ్ పిల్లల జట్టులో పెరిగి, ఇప్పుడు స్పెయిన్ గోల్‌కీపర్ ఎదురుగా నిలబడ్డాడు. గట్టిగా కొట్టలేదు. కీపర్ ఒక పక్కకు దూకగానే, మధ్యలోంచి మెల్లగా, చెంబులో నీళ్లు వంచినట్టు బంతిని లేపి లోపల వేశాడు. మా వాకిట్లో ఒక్కరూ అరవలేదు. నా పక్కన కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లోడు, 'తాతా, వాడు స్పెయినోడు కదా, మనకెందుకు కొట్టలేదు?' అని అడిగాడు. నువ్వు అడిగినదీ అదే ప్రశ్న.

హకీమి వాళ్లమ్మ మాడ్రిడ్‌లో ఇళ్లు శుభ్రం చేసే పని చేసింది. నాయన వీధుల్లో సరుకులు అమ్మాడు. ఆ ఇంట్లో తిండీ మాటా పండగా అన్నీ మొరాకోవే. అతను స్పెయిన్ క్యాంపుకు కూడా వెళ్లి చూశాడు. అక్కడ తనకు సొంత ఇంట్లో ఉన్నట్టు అనిపించలేదని తర్వాత చెప్పుకున్నాడు. డబ్బు కోసమే అయితే స్పెయిన్ జట్టే మేలు కదా? జియెచ్‌ను నెదర్లాండ్స్ పిలిచింది కూడా. అయినా అతను మొరాకో వైపు వచ్చాడు. ఇది కిరాయి లెక్కకు తూగే వ్యవహారం కాదు నాయనా.

ఇంకొకటి. ఆ రాత్రి స్పెయిన్ డిఫెన్స్‌లో ఆడిన లపోర్త్ పుట్టింది ఫ్రాన్స్‌లో. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. పెద్ద దేశానికి బయటివాడు ఆడితే ప్రతిభ, చిన్న దేశానికి ఆడితే కిరాయి అనడం నాకు న్యాయంగా తోచదు. 1966లో పోర్చుగల్‌కు తొమ్మిది గోల్స్ కొట్టిన యుసేబియో మొజాంబిక్‌లో పుట్టినవాడు. ఉత్తర కొరియా మీద 0–3తో వెనకబడిన మ్యాచ్‌ను ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టి తిప్పేశాడు. 5–3తో గెలిచారు. జర్మనీ తరఫున వరల్డ్ కప్‌లలో మొత్తం 16 గోల్స్ కొట్టిన క్లోసే పోలెండ్‌లో పుట్టాడు.

ప్రశ్న: బయట పుట్టిన ఆటగాళ్లతోనే జట్టు నింపేస్తే, ఆ దేశంలో ఉన్న ఊళ్లోనే ఆడుకునే పిల్లల గతేంటి? వాళ్లకు అన్యాయం కాదా?
– చిరు వ్యాపారి, తాడిపత్రి

మీ ప్రశ్నలో నిజం ఉంది, నేను కొట్టిపారేయను. సొంత పిల్లలకు గ్రౌండ్ లేదు, కోచ్ లేడు, బయటి నుంచి తయారైనవాళ్లను తెచ్చి జెర్సీ తొడిగితే అది ఆ దేశపు పిల్లల నోటి కాడ కూడు లాక్కోవడమే.

కానీ కేప్ వెర్డె సంగతి వినండి. ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న చిన్న దీవులు. జనం ఐదు లక్షల పైచిలుకు, మన ఒక పెద్ద టౌన్ అంత. 2025 అక్టోబర్‌లో ఆ దేశం మొట్టమొదటిసారి వరల్డ్ కప్‌కు అర్హత సాధించింది. ఆ జట్టులో పోర్చుగల్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్‌లలో పుట్టినవాళ్లు ఉన్నారు. ఎందుకున్నారు? ఆ దీవుల్లో వాన సరిగా పడదు. కరువు మీద కరువు. 1940లలో వచ్చిన కరువులకు వేలమంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లలో కాళ్లు ఆడినవాళ్లంతా ఓడలెక్కి పోయారు. ఇప్పుడు దీవుల్లో ఉన్నవాళ్లకంటే బయట ఉన్న కేప్ వెర్డె వాళ్లే ఎక్కువ.

ఈ కథ తాడిపత్రి వారికి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది పల్లెల్లో ముసలివాళ్లను మాత్రం ఇంటికి కాపలా పెట్టి, బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలు నాకు ఎన్నో తెలుసు. ఒక్కో ఏడాది ఉగాది దాటేసరికి మా స్కూలు అటెండెన్స్ రిజిస్టరులో ఎన్నో పేర్ల పక్కన ఎర్ర సిరా పడేది. కట్టుబడి పనుల దగ్గర, రేకుల షెడ్లలో పుట్టిన పిల్లలు వాళ్లు. వాళ్లలో ఒకడు ఎప్పుడో తిరిగి వచ్చి 'నాది అనంతపురం జట్టు' అంటే, 'నువ్వు పుట్టింది బెంగళూరులో, పో' అని అనే నోరు నాకు లేదు. కరువు తరిమితే పోయినవాళ్ల పిల్లలు, వాళ్లంతట వాళ్లే ఊరు వదిలినట్టు మాట్లాడటం పాపం.

ఆ కేప్ వెర్డె జట్టులో పికో లోపెస్ అని ఒక డిఫెండర్ ఉన్నాడు. పుట్టింది ఐర్లాండ్ రాజధాని డబ్లిన్. అమ్మ ఐరిష్, నాయన కేప్ వెర్డె. 2018లో ఆ దేశం కోచ్ అతనికి లింక్డిన్‌లో మెసేజ్ పెట్టాడు, పోర్చుగీసు భాషలో. పికోకు ఆ భాష రాదు. ఏదో పనికిమాలిన మెసేజ్ అనుకుని వదిలేశాడు. నెలలు గడిచాక ఇంగ్లీషులో మళ్లీ వచ్చింది, 'మేము అడిగినదాని గురించి ఆలోచించావా?' అని. అప్పుడు పాత మెసేజ్‌ను అనువాదం చేసి చూసుకుంటే, తన నాయన దేశానికి ఆడమని పిలుపు! మరుసటి ఏడాది నుంచి ఆ చొక్కా వేసుకున్నాడు.

ప్రశ్న: మా అబ్బాయి కువైట్‌లో పుట్టాడు. వాళ్ల నాయన అక్కడ మెకానిక్. వాడికి ఏడేళ్లప్పుడు నేనూ వాడూ కడపకు వచ్చేశాము. ఇప్పుడు అండర్–14 ఆడుతున్నాడు. 'కువైట్‌లో పుట్టినోడిని ఇండియాకు తీసుకోరు' అని బంధువులు అంటున్నారు. వాడు రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.
– ఒక తల్లి, కడప

అమ్మా, ముందు వాడికి అన్నం పెట్టి ఈ జవాబు చదివి వినిపించు. మీ బంధువుల మాట పూర్తిగా తప్పు.

కువైట్‌లో పుట్టినంత మాత్రాన ఆ దేశ పౌరసత్వం రాదు. అక్కడ తండ్రి కువైటీ అయితేనే బిడ్డ కువైటీ. మీ ఇద్దరూ భారతీయులు, వాడూ పుట్టుకతో భారతీయుడే. మన పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డ పేరును ఏడాదిలోపు అక్కడి మన ఎంబసీలో నమోదు చేయించాలి. వాడికి ఇండియన్ పాస్‌పోర్టు తీసుకుని ఉంటారు కదా, ఆ పని అప్పుడే అయిపోయి ఉంటుంది. ఎంబసీ ఇచ్చిన జనన ధృవపత్రం, కువైట్ ఆస్పత్రి కాగితం, పాత పాస్‌పోర్టు మూడూ ఒక కవర్లో పెట్టు. సెలెక్షన్లకు పోయేటప్పుడు అసలు కాగితాలు నీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వు.

ఇండియా జెర్సీకి చూసేది పాస్‌పోర్టు. పుట్టిన ఊరు కాదు. ఎడమ కాలితో బంతి కొట్టడం నేర్పించమని మాత్రం వాడి కోచ్‌కు నా మాటగా చెప్పు.

ప్రశ్న: మా మనవడు అమెరికాలో న్యూజెర్సీలో పుట్టాడు. పన్నెండేళ్లు. ప్రతి వేసవికి అనంతపురం వస్తాడు, పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పరుగెత్తుతాడు. ఇండియాకు ఆడతానంటాడు. వాడికి అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉన్నాయి. ఆడగలడా?
– రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం

ఇది పై ప్రశ్నకు తిరగేసిన అద్దం లాంటిది. మీకు నచ్చే జవాబు కాదు, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇప్పుడున్న కాగితాలతో ఆడలేడు.

అడ్డం ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా కాదు. ఫిఫా నియమం చాలా విశాలమైనది. ముందు ఆ దేశ పౌరసత్వం ఉండాలి. పుట్టుకతో కాక తర్వాత తెచ్చుకున్న పౌరసత్వం అయితే, ఆటగాడో, అమ్మానాన్నల్లో ఒకరో, అవ్వాతాతల్లో ఒకరో ఆ దేశంలో పుట్టి ఉండాలి. ఈ మూడూ లేకపోతే అక్కడ కొన్నేళ్లు నివాసం ఉండాలి. పద్దెనిమిది దాటాక వెళ్లినవాడికైతే అది ఐదేళ్లు. మీ మనవడికి తల్లీ తండ్రీ, అవ్వా తాతా అందరూ ఇక్కడి వాళ్లే. ఫిఫా దగ్గర దారి తెరిచే ఉంది.

అడ్డం మన చట్టం. భారతదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ కార్డు అంటే వీసా బాధ లేకుండా రాకపోకలకు వీలు, పౌరసత్వం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని కేంద్రం 2008 చివర్లో తేల్చి చెప్పింది. మొరాకోకు, కేప్ వెర్డెకు ఉన్న వెసులుబాటు మనకు లేనిది ఇక్కడే. హకీమి రెండు పాస్‌పోర్టులూ ఉంచుకుని మొరాకోకు ఆడతాడు. మీ మనవడు ఒకటి వదులుకోవాలి.

వదులుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. ఇజుమీ అరాటా జపాన్‌లో పుట్టాడు. అమ్మ జపాన్, నాయన గుజరాతీ మూలాలున్నవాడు. మన క్లబ్బుల్లో ఏళ్ల తరబడి ఆడి, జపాన్ పౌరసత్వం వదులుకుని, 2013లో ఇండియా చొక్కా తొడుక్కున్నాడు. అప్పటికే ముప్పై దాటాయి. మొన్న 2025లో రయన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలి భారతీయుడయ్యాడు. పుట్టింది పెర్త్‌లో, అమ్మ ముంబైలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. వాళ్ల తాత బొంబాయి తరఫున, మన రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఆడినవాడు. తాత ఆడిన నేల కోసం అంత దూరం నుంచి వచ్చాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చట్టం ప్రకారం ఓసీఐగా ఐదేళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇండియాలో నివాసం ఉన్న వయోజనుడు పౌరసత్వం అడగవచ్చు. వేసవి సెలవులు ఆ లెక్కలోకి రావు. అంటే మీవాడికి ఇంకా ఆరేళ్ల టైముంది. ఈ ఆరేళ్లూ దయచేసి 'ఏ దేశానికి ఆడతావు?' అని భోజనాల దగ్గర, ఫోన్లో, చుట్టాల ముందు అడగకండి. మీకు ఇండియా చెప్పి, అక్కడ స్నేహితులకు అమెరికా చెప్పి, రెండు చోట్లా అబద్ధం ఆడినట్టు నలిగిపోతారు ఆ పిల్లలు. వాడు ఇటు వచ్చినా గొప్పే, అటు ఆడినా మీ రక్తమే. ఈ వేసవికి వచ్చినప్పుడు నాకు కబురు చేయండి. మన ఎర్ర మట్టి గ్రౌండు మీద బంతి ఎట్లా లేస్తుందో వాడికి చూపిస్తాను. అక్కడి పచ్చిక మీద ఆ పాఠం దొరకదు.

ప్రశ్న: ఒక దేశానికి ఆడాక ఇంకో దేశానికి మారవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, ఆదోని

మారవచ్చు, ఒక్కసారే, అదీ షరతుల మీద. ఫ్రెండ్లీ మ్యాచ్‌లు లెక్కలోకి రావు. డీగో కోస్తా 2013లో బ్రెజిల్‌కు రెండు ఫ్రెండ్లీలు ఆడి, మరుసటి ఏడాది స్పెయిన్ తరఫున వరల్డ్ కప్ ఆడాడు. చిక్కంతా పోటీ మ్యాచ్‌లతోనే.

మునీర్ ఎల్ హద్దాదీ అని స్పెయిన్‌లో పుట్టిన మొరాకో మూలాల కుర్రాడు. 2014 సెప్టెంబర్‌లో, పంతొమ్మిదేళ్లప్పుడు, యూరో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లో స్పెయిన్ అతన్ని చివర్లో దింపింది. ఆడింది 13 నిమిషాలు. మళ్లీ పిలవలేదు. మొరాకోకు ఆడతానంటే కుదరదన్నారు. 2018 వరల్డ్ కప్ ముందు క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లాడు, అక్కడా ఓడిపోయాడు. పదమూడు నిమిషాల ఆటకు ఆరేళ్లకు పైగా ఏ దేశమూ లేకుండా కూర్చున్నాడు. ఆడే వయసులో ఆరేళ్లంటే ఏమిటో ఆటగాళ్లకు తెలుసు.

2020లో ఫిఫా నియమం సడలించింది. 21 ఏళ్లు నిండకముందు మూడు మ్యాచ్‌లకు మించకుండా ఆడి ఉండాలి, అవి వరల్డ్ కప్ లేదా ఖండం కప్పు అసలు టోర్నీ మ్యాచ్‌లు కాకూడదు, చివరి మ్యాచ్ అయి మూడేళ్లు గడవాలి. కొత్త దేశం పౌరసత్వం మొదటి మ్యాచ్ నాటికే ఉండి ఉండాలన్నది మరో షరతు. మునీర్ 2021లో మొరాకో చొక్కా వేసుకున్నాడు. నా మట్టుకు నాకు ఈ సడలింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

ప్రశ్న: రెండు దేశాల తరఫున వరల్డ్ కప్ ఫైనల్ ఆడినవాడు ఎవరైనా ఉన్నాడా?
– ప్రొద్దుటూరు పాఠకుడు

ఉన్నాడు. లూయిస్ మోంటి. 1930లో అర్జెంటీనాకు, 1934లో ఇటలీకి. మొదటిది ఓడాడు, రెండోది గెలిచాడు.

ప్రశ్న: అన్నదమ్ములు ఎదురెదురు దేశాలకు ఆడితే తల్లి ఎవరి వైపు ఉంటుంది?
– గృహిణి, కర్నూలు

అమ్మా, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది నీ ప్రశ్నే. దీనికి ఒక తల్లి బహిరంగంగానే జవాబిచ్చింది. 2016 యూరో కప్‌లో స్విట్జర్లాండ్, అల్బేనియా మ్యాచ్. ఝాకా సోదరులు ఇద్దరూ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లోనే పుట్టారు. గ్రానిట్ స్విట్జర్లాండ్‌కు, అన్న తౌలాంట్ అల్బేనియాకు. వాళ్లమ్మ సగం స్విస్ జెండా, సగం అల్బేనియా జెండా కుట్టిన చొక్కా వేసుకుని స్టేడియంలో కూర్చుంది.

బోటెంగ్ సోదరులు ఇద్దరూ బెర్లిన్‌లో పుట్టి, ఒకడు జర్మనీకి, ఒకడు ఘనాకు 2010, 2014 రెండు వరల్డ్ కప్‌లలో ఎదురుపడ్డారు. విలియమ్స్ సోదరులు 2022లో ఖతర్‌కు వెళ్లారు, తమ్ముడు నికో స్పెయిన్‌కు, అన్న ఇనాకీ ఘనాకు. వాళ్ల అమ్మానాన్నలు ఘనా నుంచి బయల్దేరి సహారా ఎడారిలో కాలినడకన నడిచి స్పెయిన్ చేరినవాళ్లు. అంత దూరం నడిచిన కాళ్లకు పుట్టిన పిల్లలు. ఇనాకీ ఘనా వెళ్లి పెద్దవాళ్లను కలిసి, వాళ్ల ఆశీర్వాదం తీసుకున్నాకే ఆ నిర్ణయం చెప్పాడు.

ప్రశ్న: తెలుగు మూలాలున్నవాళ్లు ఎవరైనా ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఆడారా?
– కాలేజీ విద్యార్థిని, కడప

ఆడారమ్మా. వికాష్ ధొరాసూ. 1973లో ఫ్రాన్స్‌లోని అర్‌ఫ్లర్‌లో పుట్టాడు. మారిషస్ నుంచి వచ్చిన తెలుగు మూలాల కుటుంబం. చెరకు తోటల కూలీకి ఓడలెక్కి పోయిన మనవాళ్ల సంతతి ఆ దీవిలో ఇప్పటికీ ఉంది, ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. ధొరాసూ 2006 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ తరఫున రెండు మ్యాచ్‌లలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆ ఏడాది ఫ్రాన్స్ ఫైనల్ దాకా పోయింది. క్రికెట్ కూడా కలుపుకుంటే విజయవాడలో పుట్టిన తేజ నిడమానూరు నెదర్లాండ్స్‌కు ఆడతాడు. 2023లో వెస్టిండీస్ మీద 111 కొట్టాడు.

ప్రశ్న: మలేషియా జట్టులో దొంగ కాగితాల గొడవ గురించి విన్నాను. అసలేం జరిగింది? మా జిల్లా సెలెక్షన్లలోనూ ప్రతి ఏడాదీ కాగితాల టెన్షనే. ఏం చేయమంటారు?
– పీఈటీ, గుంతకల్లు

తమ్ముడూ, ఏడుగురు విదేశీ ఆటగాళ్లకు మలేషియాలో పుట్టిన అవ్వాతాతలు ఉన్నట్టు జనన కాగితాలు చూపించారు. ఫిఫా అసలు రికార్డులు తెప్పించి చూస్తే వాళ్ల అవ్వాతాతలు పుట్టింది అర్జెంటీనా, బ్రెజిల్, స్పెయిన్, నెదర్లాండ్స్‌లలో. 2025 సెప్టెంబర్‌లో ఆ ఏడుగురిని పన్నెండు నెలలు నిషేధించి, అక్కడి సంఘానికి మూడున్నర లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేశారు. ఇంతసేపూ పుట్టిన చోటును పట్టుకుని మనిషిని కొలవకండని రాశాను. అబద్ధపు కాగితానికి మాత్రం నా దగ్గర క్షమాపణ లేదు. నిజంగా తాత ఊరు వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాణ్ణి కూడా అది దొంగను చేస్తుంది.

మీ గుంతకల్లు పిల్లవాడి సంగతే చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట. నేను అండర్–14 జిల్లా జట్టుకు మేనేజర్‌ను. ఆ అబ్బాయి లెఫ్ట్ బ్యాక్, పన్నెండేళ్లు దాటాయి. నాయన రైల్వే స్టేషన్‌లో కూలీ. అమ్మ పుట్టిల్లు బళ్లారి. పుట్టిన సర్టిఫికెట్ బళ్లారిది. ఎదుటి జట్టు మేనేజర్ ఆ కాగితం పట్టుకుని, 'వీడు కర్ణాటకవాడు, ఎట్లా ఆడిస్తారు?' అని అభ్యంతరం పెట్టాడు. కమిటీ మొదటి మ్యాచ్‌కు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం వాళ్ల నాయన నా దగ్గరికి వచ్చాడు. ఎర్ర చొక్కా ఇంకా విప్పలేదు, భుజం మీద తుండుగుడ్డ. జేబులోంచి మడత పెట్టిన కొత్త కాగితం తీశాడు. పుట్టిన చోటు గుంతకల్లు అని ఉంది. ఎవరో రెండు వందలు తీసుకుని రాసిచ్చారు. 'సార్, ఇది పెట్టండి, మావాడు రేపు ఆడతాడు' అన్నాడు. ఆ రోజుల్లో రెండు వందలంటే ఆ మనిషికి ఎన్ని మూటలో నాకు తెలుసు. కాగితం తీసుకోకుండా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. 'నీ కొడుకు ఏ తప్పూ చేయలేదు, మనమెందుకు తప్పు చేసినట్టు కాగితం పెట్టాలి?' అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రికి రాత్రి బస్సులో గుంతకల్లు వచ్చి, వాళ్ల హెడ్మాస్టరును నిద్ర లేపి, ఒకటో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్ రాయించుకున్నాను. రేషన్ కార్డు తీసుకున్నాను. తెల్లవారి కమిటీ ముందు అవి రెండూ, బళ్లారి సర్టిఫికెట్‌తో సహా పెట్టాను. దాచలేదు. అందుకే నువ్వు కూడా ప్రతి పిల్లవాడికీ స్టడీ సర్టిఫికెట్, ఆధార్, అసలు జనన ధృవపత్రం సీజన్ మొదలయ్యే ముందే ఒక ఫైల్లో కట్టి పెట్టుకో. లామినేషన్ చేయించవద్దు. అవ్వ ఊళ్లో పుట్టినవాడైతే అదే మాట నువ్వే ముందుగా దరఖాస్తులో రాయి. ఎదుటివాడు బయటపెట్టేదాకా ఆగితే ఉన్న నిజం కూడా దొంగతనంలా కనిపిస్తుంది.

కమిటీలో ఒకాయన బళ్లారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, 'ఇదంతా కన్నడంలో ఉంది, ఎవరు చదువుతారు?' అన్నాడు. ఆ గదిలో కన్నడం చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, మా అవ్వ నేర్పింది. నిలబడి చదివాను. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, తండ్రి కాపురం ఉండే ఊరు అన్న గడిలో గుంతకల్లు. రెండో మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నరకు మొదలైంది. మా అబ్బాయి లెఫ్ట్ బ్యాక్ ఆడాడు.